చాకు మూసే చెయ్యి

మా మనుమరాలు సుష్మ ఆలూర్ మండలంల వ్యవసాయం కొలువు చేస్తది. ఏఈఓ అంటరు. పొద్దంత స్కూటీ మీద ఊర్లు తిరుగుడు, చేన్లల్ల దిగుడు, పసుపు దుంప కుళ్లిందా లేదా అని తవ్వి చూసుడు, గిదే పని. వారంల ఒక్కసారి ఆర్మూర్ల మా ఇంటికాడ ఆగి అన్నం తిని పోతది. పోయిన వారం గట్లనే వచ్చి, చెప్పులు ఇడిసి, సంచి కింద పెట్టి, నాకు చూపిద్దామని ఒక పచ్చి పసుపు దుంప తీసింది. దాని ఎంబడే జేబులకెళ్లి నల్లటి మడత చాకు ఒకటి తీసింది. బొటనవేలుతోని చిన్న బుడిపెను జర నూకింది, అంతే. మిగతది అదే తెరుసుకున్నది. టక్ అని సప్పుడైంది. నేను బియ్యం చెరుగుతున్న, చాట నా చేతిల అట్లనే ఆగిపోయింది. గా సప్పుడు ఇని ఎన్నేండ్లయిందో లెక్కవెట్టుకోలే గని, నా కుడిచెయ్యి మాత్రం దానంతట అదే ముందుకు సాగింది, ఎవరో నాకు చాకు అందిస్తున్నట్టు.

"భయపడ్డవా బాపమ్మా?" అన్నది.

"చాకును చూసి భయపడనీకె నేనేమన్న పట్నం దాన్నా? ఇంట్ల కత్తిపీట ఉండంగ ఇదెందుకు?"

"కత్తిపీట చేన్లకు మోసుకపోవాల్నా? దీన్ని అసిస్టెడ్ ఓపెనింగ్ అంటరు. సగం మనం తెరిస్తె సగం అదే తెరుసుకుంటది."

"మంచిగుంది. సగం వంట మనం చేస్తె సగం అదే అయ్యేది గూడ ఉన్నదేమో అడుగు."

నవ్వింది. దుంప కోసి నడుమ మచ్చ ఎట్లుంటదో చూపిచ్చింది. అంతవరకు బాగనే ఉన్నది. ఇగ చాకు మూసెటప్పుడు చూడాలె దాని అవస్థ. దుంప కింద పెట్టింది, రెండు చేతుల్ల చాకు పట్టుకున్నది, పెదిమ పండ్ల నడుమ పెట్టుకున్నది, ఒక చేతి వేలుతోని లోపలి రేకును జరుపుకుంట ఇంకో చేతితోని మెల్లగ మడుస్తున్నది. నాకు చూడబుద్ధి కాలే. తెరుసుడు ఒక చెయ్యి, మూసుడు రెండు చేతులా, చేన్ల ఒక చేతిల మొక్క పట్టుకుంటివి, అప్పుడెట్ల మూస్తవ్ అని అడిగిన. మొక్క కింద పెడ్త అన్నది. బురదల పెడ్తవా అన్న. అందరు గట్లనే చేస్తరు బాపమ్మా అన్నది. అందరు గట్ల చెయ్యరు, ఇటు ఇయ్యి అన్న.

చాకు తీసుకొని చూసిన. మేము ఎరిగిన చాకుకు పిడి మీద బటన్ ఉండేది. దీనికి బటన్ లేదు, లోపల సన్నటి రేకు అడ్డం ఉన్నది. మిగతదంత ఒక్కటే. నాలుగు వేళ్లు పిడి వీపు దిక్కు పట్టుకున్న. బొటనవేలుతోని రేకు జరిపి, చాకు వీపును మంచం పట్టెకు ఆనిచ్చి నూకిన. చాకు జర వంగంగనే బొటనవేలు పక్కకు తీసేసిన, నూకుడు మాత్రం ఆపలే. టిక్ అన్నది. మూతపడ్డది. సుష్మ నోరు తెరిసింది, గది మూతపడేటందుకు జరసేపు పట్టింది. వేళ్లు చాకు తొవ్వల ఉండొద్దు, ఒకసారి మొదలువెడితె సగంల ఆపొద్దు, లోపల స్ప్రింగ్ ఉంటది, జర సందు దొరికితె ఎగిరి తెరుసుకుంటది, చేతి బలం గాదు ఆనిచ్చిన చోటు బలం ముఖ్యం అని చెప్పిన. "నువ్వు ఎక్కడ నేర్సినవ్ బాపమ్మా?" అన్నది. అన్నం సల్లారుతున్నది తిను అన్న. మూడో తరగతి నడిమిట్ల బడి మానిన దాన్ని, ఒక్కసారిగ నోటితోని చెప్పుకరానీకె నాకు రాదు. దాని కాలేజీ నోటుబుక్కుల మిగిలిన కాగితాలు నేను ఏనాడు పారెయ్యలే. వాటిల్ల రాస్తున్న.

మా బాపు పసుపు మార్కెట్ల ఒక సేటు దుకాణంల మాల్ చూసేటోడు. రైతులు బండ్ల మీద పసుపు తెచ్చి కుప్పలు పోస్తె, బాపు కుప్పకాడికి పోయి వంగి పిడికెడు కొమ్ములు తీసేటోడు. ముందు వాసన చూసేటోడు. తర్వాత చెవికాడ పెట్టుకొని ఆడిచ్చేటోడు. బాగ ఎండిన పసుపు సప్పుడే వేరు, గాజులు ఒకదానికొకటి తాకినట్టు ఉంటది. ఆఖరికి ఒక కొమ్మును రెండు చేతుల్ల పట్టి పుటుక్కున విరిచి నడిమి రంగు చూసేటోడు. నడుమ గుమ్మడిపండు రంగు ఉంటె మంచిగ ఉడికినట్టు, తెల్లటి చుక్క ఉంటె ఉడకనట్టు. ఆయన నోట్లకెళ్లి ఒక్క మాట వచ్చేది, సై అని గాని, ఊహూ అని గాని. గా మాట మీదనే సేటు ధర కట్టేటోడు, రైతు గూడ మారు మాట్లాడకపోయేది. ఇంటికి వచ్చినంక గూడ బాపు గంతే మాట్లాడేటోడు. అవ్వ, అంటె మా అమ్మ, కూర పెడితె నోట్ల పెట్టుకొని సై అనేటోడు. ఉప్పు తక్కువైతె ఊహూ. మా అవ్వ తట్ట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుట్టుకుంట అనేది, "గీ మనిషి నన్ను చూడవచ్చిన నాడు గూడ సై అనే అన్నడు. కొమ్ము ఇరిసి చూడలే, గంతే మేలు."

మా ఇంట్ల రెండు వాసనలు ఉండె. తలుపుకు ఒక దిక్కు అవ్వ, అక్కలిద్దరు కూసునే చోట తంబాకు వాసన, తడి ఆకు వాసన. ఇంకో దిక్కు బాపు అంగీలు తగిలేసే చిలుక్కొయ్యకాడ పసుపు వాసన. నేను చిన్నదాన్ని. రెండు వాసనల నడుమ పండేదాన్ని. అక్కలిద్దరు అవ్వ ఎంబడి తట్టల ముందట కూసుంటె, నన్ను ఒక్కదాన్ని బడికి తోలిండ్రు. అంటె సదువు మీద ప్రేమతోని కాదు, ఇంట్ల మూడు తట్టలకు జాగ చాలలే.

ఒక చలికాలం పొద్దుగాల నోట్ల యాపపుల్ల ఉండంగనే బాపుకు ఎడమ చెయ్యి పడిపోయింది. నోరు వంకరపోయింది, కాలు గుంజింది. దవాఖానల చూపిచ్చిండ్రు, నూనెలు రుద్దిండ్రు, పథ్యం పెట్టిండ్రు. నోరు సక్కగయింది, కాలు వచ్చింది, చెయ్యి మాత్రం రాలే. తోలు సంచి లెక్క పక్కకు వేలాడేది. బాపు దాన్ని తీసి అంగి జేబుల పెట్టుకునేటోడు, ఏదో కులాసగ నిలబడ్డోని లెక్క కనవడాలని. ఒంటి చేత్తోని వాసన చూడొచ్చు, చెవికాడ ఆడియ్యొచ్చు. కొమ్ము ఇరుసుడు ఎట్ల? అందుకని నాందేడ్ దిక్కు లారీ నడిపే దోస్తుతోని ఒక బటన్ చాకు తెప్పిచ్చుకున్నడు. ఇత్తడి పిడి, దాని మీద తెల్లటి బటన్. బటన్ ఒత్తితె టక్ అని చాకు బయటికి దుంకేది. కొమ్మును చెక్క మీద పెట్టి చాకు ఆనిచ్చి ఒత్తితె రెండు తునకలయ్యేది. రెండో చెయ్యితోని పనే లేదు. గా రోజు బాపు మొఖం చూడాలె. మంచం మీద కూసొని పదిసార్లు తెరిచి చూపిచ్చిండు.

తెరిసిన ప్రతిసారి మూసింది మా అవ్వ. బీడీ చుట్టుడు ఆపి, చేతులు కొంగుకు తుడుసుకొని, రెండు చేతుల్ల పట్టి మూసి ఇచ్చేది. నాలుగోసారో ఐదోసారో అన్నది, "తెరిసేకాడ మొగోడు, మూసేకాడ ఆడిది. దునియల అంత గిదే తరీక." అందరం నవ్వినం. బాపు గూడ నవ్విండు. అప్పటికి గూడ ఎవ్వలకు తట్టలే. చాకు ఒంటి చేత్తోని తెరుసుకుంటదా అని చూసి కొన్నడు గని, ఒంటి చేత్తోని మూతపడ్తదా అని అడగలే. అమ్మినోడు గూడ చెప్పలే.

మార్కెట్ల మొదటి రోజే తెలిసింది. చాకు తెరిచి కొమ్ము కోసిండు, సై అన్నడు. పక్క కుప్పకాడికి పోవాలె, కొమ్ములు పిడికిట్ల తీసుకోవాలె, చేతిల తెరిసిన చాకు ఉన్నది. ఏం చెయ్యాల్నో తోచక దాన్ని ఒక బస్తా మీద పెట్టిండు. పోశెట్టి అని హమాలి, మంచోడు, మాటలు మస్తు చెప్పేటోడు, చూడకుంట గా బస్తా లేపనీకె చెయ్యి ఏసిండు. అరచెయ్యి కోసుకపోయింది. సేటు గద్దె మీదికెళ్లి దిగి వచ్చి, పోశెట్టి చెయ్యి చూసి, బాపును చూసి, మెల్లగనే అన్నడంట. తెరిసిన చాకు నా దుకాణంల కనవడొద్దు, మూసుడు చాతనైతె పనిల ఉండు, కాకపోతె ఇంటికాడ ఆరాం చెయ్యి. మెల్లగ అన్న మాటనే గట్టిగ తాకుతది. బాపు ఇంటికొచ్చి అన్నం ముందట కూసున్నడు గని సై అనలే, ఊహూ అనలే.

తెల్లారి నన్ను ఎంబడి తీస్కపోయిండు. అక్కల చేతులకు పని ఉన్నది, అవ్వ చేతులకు పని ఉన్నది. బడికి పోయే చేతులే ఖాళీ చేతులని లెక్క. అవ్వ తలుపుల అడ్డం నిలబడ్డది. తను రోజంత తంబాకు ముందట వంగి వంగి ఉండేది, గందుకే నా సదువు మీద నాకంటె ఆమెకే ఎక్కువ ఆశ. "నా లెక్క దీన్ని గూడ తట్ట ముందట కూసోబెట్టకు" అన్నది. బాపు చెప్పులు తొడుక్కుంట అన్నడు, "గీ పసుపు కాలం గడవనీ. చెయ్యి వస్తది. రాకుంటె ఒంటి చేత్తోని మూసే ఉపాయమన్న దొరుకుతది. ఉపాయం దొరికిన తెల్లారే బడికి తోలుత. మాట." బడి సారు గూడ ఒకరోజు ఇంటికొచ్చి చెప్పిపోయిండు. పరీక్షల లోపల వస్తె పేరు ఉంటది, రాకుంటె కొట్టేస్త అని. కోపంగ చెప్పలే పాపం. చాయ్ తాగి, బీడీ కాల్చి, చెప్పిండు.

మార్కెట్ల నా పని ఇది. బాపు ఎనక రెండడుగుల దూరంల నిలబడాలె. టక్ అని సప్పుడు ఇనవడుతది, కోస్తడు, చూస్తడు, సై అంటడు. అనుకుంటనే ఎనకకు చూడకుండ చెయ్యి ఎనకకు సాపుతడు. నేను చాకు తీసుకొని, బటన్ ఒత్తిపట్టి, రెండో చేత్తోని మడిచి, మూసి, గా చేతిలనే పెడ్త. ఒక్కసారి గూడ ఆయన ఎనకకు తిరిగి చూడలే, ఒక్కసారి గూడ నేను లేకుంట పోలే. రోజుకు ఎన్నిసార్లో. చూసేటోళ్లకు పిల్ల తండ్రెంబడి తిరుగుతున్నట్టు ఉండేది. మేమిద్దరం కలిస్తె రెండు చేతులున్న ఒక మనిషి. పోశెట్టి అరచేతికి గుడ్డ కట్టుకొని మూటలు మోసుకుంటనే నన్ను గెలికేటోడు. "ఏమే చాకు పిల్లా, ఇయ్యాల ఎందరి చేతులు కాపాడినవ్?" అని. "నీది తప్ప అందరివి" అనేదాన్ని. సేటు దుకాణంల చాయ్ వస్తె బాపు సాసర్ల పోసుకొని తను తాగేటోడు, గిలాసల మిగిలింది నాకిచ్చేటోడు. గంత తియ్యటి చాయ్ మా ఇంట్ల పండుగనాడు గూడ కాకపోయేది.

పగటియాళ మార్కెట్ సల్లబడేది. బాపు సేటు దుకాణం అరుగు మీద ఒరిగేటోడు, చాకు నా దగ్గర ఉండేది. ఒకరోజు ఎడమ చేతిల నిండు చాయ్ గిలాస పట్టుకున్న, కుడి చేతిల చాకు తెరిసి ఉన్నది. గిలాస కింద పెడ్తె ఎవ్వడన్న తన్నిపోతడు, తియ్యటి చాయ్ మట్టిల పోతది. గా చాయ్ కాపాడుకుందామని ఒంటి చేత్తోని మూసి చూసిన. సగం మడిసినంక ఎగిరి తెరుసుకున్నది. మళ్ల చూసిన. నడిమి వేలు కోసుకపోయింది, గా గీత ఇప్పటికీ ఉన్నది. పసుపు పొడి అద్దుకొని ఊకున్న. పన్నెండు రోజులు, ప్రతి పగటియాళ, అదే పని. చేత్తోని ఎంత నూకినా స్ప్రింగ్ గెలుస్తున్నది. ఆఖరికి చాకు వీపును నిండు బస్తాకు ఆనిచ్చి, బటన్ ఒత్తిపట్టి, ఆగకుంట నూకిన. నిండు పసుపు బస్తా రాయి లెక్క ఉంటది, వెనకకు జరగది. టిక్ అన్నది.

లేసి బాపు దిక్కు ఉరికిన. నాలుగడుగులు ఉరికిన. ఐదో అడుగు ఏయలే. చెప్తె రేపు బడి. మాట ఇచ్చిండు, మాట తప్పే మనిషి కాదు. బడిల నేను ఆఖరి వరుసల గోడకానుకొని కూసునేదాన్ని. నేను పోకుంటె గా గోడకు ఏం తక్కువ కాదు. ఇక్కడ నేను లేకుంటె చాకు మూతపడది. ఇంట్ల మూడో ఆడపిల్లగ పుట్టినదాన్ని, నేను లేకుంటె కాని పని ఒకటి దునియల ఉన్నదని నాకు గప్పుడే తెలిసింది. మెల్లగ ఎనకకు వచ్చి, కూసొని, మిగిలిన చాయ్ తాగిన. తెల్లారినుంచి మళ్ల రెండు చేతులతోనే మూసిన.

ఇగ ఇంటికి పోతె రోజు ఒక్కటే ముచ్చట. అవ్వ తట్ట పక్కకు పెట్టి, కాళ్లకు నీళ్లు ఇచ్చుకుంట అడిగేది, "ఏదన్న ఉపాయం దొరికిందా?" బాపు లే అనేటోడు. నేను గూడ లే అనేదాన్ని. ఇద్దరం ఒక్కసారే అంటుంటిమి. అవ్వ ఒకసారి ఆయన దిక్కు, ఒకసారి నా దిక్కు చూసి గిన్నెలు తీసుకునేది. పొద్దు గూకకముందు బాపు ధోతి, అంగి ఉతుకుడు నా పని. అవ్వ సబ్బు తునకలు పారెయ్యకపోయేది, అరిగిన సబ్బులన్నీ ఒక గుడ్డల మూట కట్టి, గా మూటతోనే రుద్దమనేది. ఇప్పటికి నేను గట్లనే చేస్త. పసుపుకు సబ్బు తగిలితె ఎర్రగైతది, ఎరుకనే గద. బాపు ధోతికి కుడి తొడకాడ జానెడు పొడుగు గీత ఒకటి ఉండేది, ఇస్కేలు పెట్టి గీసినట్టు సక్కగ. సబ్బు పెట్టంగనే ఎర్రగ లేసేది. మొదటిసారి నెత్తురనుకొని అరిసిన. అవ్వ వచ్చి వాసన చూసి, "పసుపే, ఎండకెయ్యి. పసుపు ఎండకు ఆగది" అన్నది. నిజంగనే ఒక పూట ఎండకు పోయేది. తెల్లారి మళ్ల అదే చోట అదే గీత. ఏ బస్తాకు రాసుకుంటడో అని సణుగుకుంట రుద్దేదాన్ని. ఇంకొకటి గూడ. నేను మంచినీళ్లకు పోయి వచ్చేసరికి ఒకోసారి చాకు మూసి ఉండేది. ఎవలు మూసిండ్రు అంటె పోశెట్టి మూసిండు అనేటోడు బాపు. పోశెట్టి దిక్కు చూస్తె మూట ఎనక మొఖం పెట్టుకొని నవ్వేటోడు. వాడు ఊకనే నవ్వే మనిషి, నేను లెక్కచెయ్యలే.

పసుపు వచ్చుడు తగ్గింది. బడిల పరీక్షలు అయినయి, సారు పేరు కొట్టేసిండు. ఎండకాలం సెలవులల్ల ఒకరోజు, ఇగ భయం లేదు అనుకున్నంక, బాపు ముందట నిలబడి, గప్పుడే తోచినట్టు, చాకును బస్తాకు ఆనిచ్చి మూసి చూపిచ్చిన. బాపు జరసేపు చాకును చూసిండు, నన్ను చూసిండు. "గిట్లనా" అన్నడు. చాకు తీసుకున్నడు, టక్ అని తెరిసిండు, బస్తాకు ఆనిచ్చిండు, టిక్ అని మూసిండు. ఒక్కసారికే. నాకు పన్నెండు రోజులు పట్టింది, వేలు తెగింది. ఆయనకు ఒక్కసారికే వచ్చింది. మా బాపు తెలివి అంటె గది అని, పెండ్లయినంక మా ఆయనకు చెప్పిన, పిల్లలకు చెప్పిన, ఎందరికో చెప్పిన. ఇంటికి పోయి ఆయన అవ్వతోని, ఉపాయం దొరికింది, నీ బిడ్డే కనుక్కున్నది అన్నడు. అవ్వ బీడీకి దారం చుట్టుకుంట తల ఎత్తకుంటనే అన్నది, "గీ తెలివి నెల కింద వస్తె ఏం పోతుండె." నాకు తట్ట ఒకటి తెచ్చి ముందట పెట్టింది. జాగ లేదన్నది గని, అందరు జరిగితె అయింది.

గా తట్ట ముందట ఎన్నేండ్లు కూసున్ననో చెప్ప. నన్ను నందిపేట్ దిక్కు ఒక ఊరికి ఇచ్చిండ్రు, అక్కడా తట్టే. బాపు పోయే ముందటేడు మా ఇంటికొచ్చిండు. ఎప్పటి లెక్కనే ఎడమ చెయ్యి జేబుల పెట్టుకొని అరుగు మీద కూసున్నడు. నేను చుట్టుతున్న. నా వేళ్ల దిక్కు చూసుకుంట చూసుకుంట అన్నడు, "నిన్ను బడి మాన్పిచ్చిన బిడ్డా. గా పాపం నాదే." నేను చెప్పాల్సింది గప్పుడు. నీది గాదు బాపూ, నాకు ముందే వచ్చు, నేనే దాసిన, నీ ఎనక నిలబడుడు ఇష్టమై దాసిన అని. నోటిదాక వచ్చింది. మళ్ల, గిన్నేండ్లయినంక చెప్తె నా మీద ఎట్ల చూస్తడో అని మింగిన. అన్నం పెట్టిన. సై అన్నడు. ఏడాది తిరగకముందే పోయిండు. చేయని తప్పు మీదేసుకొని పోయిండని, గా మూట నేనే ఆయన నెత్తికెత్తిన అని, గిన్నేండ్ల సంది ఎవ్వలకు చెప్పకుంట మోసిన. ఇంట్ల నన్ను మొండిది అంటరు, పిసినారి అంటరు, పిల్లలు బడి ఎగ్గొడితె నేను చేసిన గోల అందరికి యాదికున్నది. ఎందుకో ఎవ్వలకు తెల్వది. నా కొడుకు జ్వరంల గూడ బడికి పోయిండు, నా మనుమరాలు ఇయ్యాల చేన్ల నిలబడితె పెద్దపెద్ద రైతులు చేతులు కట్టుకొని ఇంటరు. నేనే మానుకున్న బడిని, దొరికినోళ్లందరి నెత్తిన పెట్టిన.

ఇంతవరకు రాసి ఆపిన. నిన్న సుష్మ మళ్ల వచ్చింది.

స్కూటీ దిగంగనే, "బాపమ్మా, వచ్చేసింది" అన్నది. చాకు తీసి టక్ అని తెరిసి, కుడి తొడకు ఆనిచ్చి, టిక్ అని మూసింది. ఒక్క చెయ్యే. ఇంకో చేతిల హెల్మెట్ ఉన్నది. "మంచం పట్టె చేన్ల యాడుంటది చెప్పు. తొడకు ఆనిచ్చి నూకుతున్న. నాలుగు రోజులు పట్టింది. చూడు, పాంటుకు ఏమైందో. పసుపు అంటితె బోరుకాడ సబ్బు పెట్టి రుద్దిన, ఇంకింత ఎర్రగైంది."

చూసిన. తెల్లటి పాంటు. కుడి తొడకాడ జానెడు పొడుగు. ఇస్కేలు పెట్టి గీసినట్టు సక్కగ. ఎర్రగ.

నేను బస్తాకు ఆనిచ్చి నేర్సిన. తొడకు ఆనిచ్చుడు నాకు ఎన్నడు తట్టలే. లంగ మీద ఆనదు, జారుతది. ధోతి గట్టిగ గుంజి కట్టుకున్న మొగోని తొడకైతె ఆనుతది. బాపు చాకుతోని పొద్దంత పసుపే కోసేటోడు, దాని వీపుకంత పొడి ఉండేది, చెమటకు అంటుకునేది. నేను రోజు రుద్దిన గీత. నేను నీళ్లకు పోయి వచ్చేసరికి మూసి ఉన్న చాకు. పోశెట్టి నవ్వు. ఇద్దరం ఒక్కసారే అన్న గా లే మాట. ఒక్కసారికే వచ్చిందని నేను ఊరంత చెప్పుకున్న తెలివి. ఆయనకు నాకంటె ముందే వచ్చో, ఎనక వచ్చో తెల్వది. పరీక్షలకు ముందే వచ్చు, అది ఖాయం, గీత అప్పటికే ఉన్నది. వచ్చి గూడ చెయ్యి ఎనకకు సాపిండు. రోజుకు అన్నిసార్లు, ఎనకకు తిరగకుంట, నేను ఉంటనని సాపిండు.

జర కోపం వచ్చింది. లేదని రాస్తె అబద్ధమైతది. ఆయన చెప్తె నేను బడికి పోయేదాన్ని. మళ్ల నేను చెప్తె గూడ నేను బడికి పోయేదాన్నే. ఒకలను ఒకలం మోసం చేసుకుంట ఒక్క చాకు పట్టుకొని కాలమంత తిరిగినం. అవ్వకు తెలిసే ఉంటది, ఆమె గిన్నెల దిక్కు తిరిగిన తీరు ఇప్పుడు యాదికొస్తున్నది. కోపం ఎనక ఇంకొకటి వచ్చింది. గా పాపం నాదే అన్నప్పుడు ఆయన నా మూట మోయలే. ఆయన మూట ఆయన మోసిండు. నా నెత్తి మీద ఉన్నది నాదొక్కటే, అదేమంత బరువు లేదు.

"ఏమైంది బాపమ్మా, గట్ల చూస్తున్నవ్?" అన్నది సుష్మ.

"మీ ముత్తాత గూడ గట్లనే మూసేటోడు" అన్న.

నోటితోని అన్నది అదే మొదటిసారి. అది కూసొని అడుగుకుంట పోయింది, నేను అన్నం పెట్టుకుంట చెప్పిన. సగం చెప్పిన. సగం గీ కాగితాలల్ల ఉన్నది, చదువుకుంటది, చదువు వచ్చిన పిల్ల. దాని చాకు అదే తెరుస్తది, అదే మూస్తది, ఎనక ఎవ్వలు నిలబడే పని లేదు. మంచిదే. ఎనక నిలబడుడు ఎట్లుంటదో మాత్రం దానికి తెల్వది.

తిన్నంక నా నైటీ తొడుక్కొని పాంటు ఉతుకుకున్నది. గీత ఇంకింత ఎర్రగ లేసింది. పిండి, భుజాన ఏసుకొని, మిద్దె మీదికి మెట్లు ఎక్కుతున్నది.

"యాడికి?" అన్న.

"ఎండకేస్త. నువ్వే చెప్తవ్ గద, పసుపు ఎండకు ఆగదని."

"దిగు. ఇయ్యాలకు నీడకే ఎయ్యి" అన్న. అది మెట్ల మీద ఆగి నా దిక్కు చూసింది. గా గీత ఒక్క పూట ఉంటె చాలు, మంచి పాంటు ఖరాబ్ చేసుకునుడెందుకని ఇది గూడ అన్న, "రేపు ఎండకెయ్యి బిడ్డా."